వార్డులో తెర, చేతిలో ట్యాబ్: నర్సులూ నర్సింగ్ ఇన్‌చార్జ్‌లూ తరచుగా అడిగే ప్రశ్నలు

రోగి మంచం పక్కన రోజంతా ఉండేది నర్సు. అతని గురించి ఎక్కువ రాసేదీ నర్సే. బీపీ, జ్వరం, ఇచ్చిన మందు, కట్టు మార్చిన వేళ, మూత్రం ఎంత వచ్చింది, రాత్రి నిద్ర పట్టిందా లేదా... మొన్నటిదాకా కేస్ షీట్‌లో, రిపోర్ట్ బుక్‌లో ఉన్న ఇవన్నీ ఇప్పుడు తెర మీదికి వస్తున్నాయి. ఎక్కించే పని నర్సుది, చదివి నిర్ణయించే పని మరెవరిదో అన్న తీరు మాత్రం చాలా ఆసుపత్రుల్లో అలాగే ఉండిపోయింది. ఎక్కించిన చేతికే చదివే నేర్పు కూడా రావాలన్నది నా గట్టి నమ్మకం. కింది జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

ఫోన్ బాగానే వాడతాను, వాట్సాప్, ఫోన్‌పే అన్నీ వచ్చు. ఇంకా కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది?

ఫోన్ వాడటం వచ్చంటే సగం భయం పోయినట్టే. అది చిన్న విషయం కాదు. కానీ వార్డులో కావలసింది దానికంటే కొంచెం ఎక్కువ. డిజిటల్ అక్షరాస్యత అంటే లాగిన్ కావడం, వెతకడం, నమోదు చేయడం, పాస్‌వర్డ్ కాపాడుకోవడం, వచ్చిన లింకు నిజమైనదో కాదో గుర్తుపట్టడం. నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ అక్కడి నుంచి ముందుకు వెళ్తుంది: నమోదు చేసిన అంకెల్లోంచి రోగికి పనికొచ్చే సంగతి పట్టుకోవడం.

షుగర్ చూశారు, 240 ఉంది, ఆర్డర్ ప్రకారం ఇన్సులిన్ ఇచ్చి నమోదు చేశారు. అది మొదటి మెట్టు. మూడు రోజుల రీడింగులు ఒకే తెర మీద తెరిచి, ప్రతి రోజూ సాయంత్రం భోజనానికి ముందే పెరుగుతోందని గమనించి, రౌండ్స్‌లో డాక్టరుగారికి చూపిస్తే అది రెండో మెట్టు. అమెరికాలో 2002లో నాన్సీ స్టాగర్స్ బృందం నర్సుల ఇన్ఫర్మాటిక్స్ నైపుణ్యాలను నాలుగు స్థాయిలుగా విభజించింది. కొత్తగా చేరిన నర్సు, అనుభవమున్న నర్సు, ఇన్ఫర్మాటిక్స్ నిపుణురాలు, కొత్త పద్ధతులు రూపొందించగల వ్యక్తి. మనలో అందరూ నిపుణులు కానక్కర్లేదు. మొదటి రెండు స్థాయిలు మాత్రం ప్రతి స్టాఫ్ నర్సుకూ ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో నర్సులు ఇప్పుడు ఏయే సాఫ్ట్‌వేర్లతో పనిచేస్తున్నారు?

చేసే చోటును బట్టి ఉంటుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో వాళ్ళ సొంత హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దేశంలోని ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేవి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన ఈ-హాస్పిటల్, మరో కేంద్ర సంస్థ సీడాక్ తయారుచేసిన ఈ-సుశ్రుత్. ఊళ్ళల్లో పనిచేసే ఏఎన్ఎంలకు, ఎంఎల్‌హెచ్‌పీలకు (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లు) జాబితా ఇంకా పెద్దది: గర్భిణులు, పిల్లల వివరాలకు ఆర్‌సీహెచ్ పోర్టల్, ట్యాబ్‌లో వాడే అన్మోల్, టీకాలకు యూ-విన్, క్షయకు నిక్షయ్, 30 ఏళ్ళు దాటినవాళ్ళ బీపీ, షుగర్ పరీక్షలకు ఎన్‌సీడీ యాప్, డాక్టరుతో వీడియోలో మాట్లాడించడానికి ఈ-సంజీవని. వీటికి తోడు 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దానితో వచ్చిన, రోగి ఆరోగ్య రికార్డులను కలిపే 14 అంకెల ఆభా నంబరు.

ఒకే గర్భిణి పేరును రెండు మూడు యాప్‌లలో ఎక్కించి, మళ్ళీ రిజిస్టరులో చేత్తో రాసే ఏఎన్ఎం అలసటను నైపుణ్య లోపం అనకూడదు. ఆ భారం పై నుంచి తగ్గాలి. ఎంత శిక్షణ ఇచ్చినా అది తీరే సమస్య కాదు.

నాకు యాభై దాటాయి. టైపింగ్ రాదు. ఇప్పుడు నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు, అనుకున్నంత కష్టం కూడా కాదు. నర్సింగ్ తెరల మీద వాక్యాలు టైప్ చేయడం తక్కువ, జాబితాలోంచి ఎంచుకోవడం, అంకెలు కొట్టడం ఎక్కువ. ముందుగా కీబోర్డు కుడివైపున్న అంకెల మీటలు అలవాటు చేసుకోండి. ఒక గడి నుంచి మరో గడికి వెళ్ళే ట్యాబ్ మీట, సేవ్ అయిందో లేదో చూసుకునే చోటు, తప్పు పడితే సరిదిద్దే పద్ధతి, ఈ మూడూ వస్తే మొదటి వారం గడిచిపోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "నువ్వే ఎక్కించమ్మా, నాకు రాదు" అని జూనియర్ చేతికి ఇచ్చేయకండి. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే ఎక్కించండి. ఇరవై ఐదేళ్ళ అనుభవమున్న సిస్టర్ కంటికి కనిపించేది కొత్తమ్మాయికి కనిపించదు. ఆ చూపు రికార్డులోకి రావాలంటే మీ చేతులతోనే రావాలి. జూనియర్లకూ ఒక విన్నపం: పెద్దవాళ్ళ చేతిలోంచి మౌస్ లాక్కోకండి. నోటితో చెప్పండి, వాళ్ళను నొక్కనివ్వండి.

నమోదులో నర్సులు ఎక్కువగా పొరబడేది ఎక్కడ?

నేను చూసినంతలో ఐదారు చోట్ల. వీటిని వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తెర మీద అంకె నీటుగా కనిపిస్తే ఎవరూ దాన్ని అనుమానించరు.

అన్నిటికంటే ముందు శ్వాస రేటు. పూర్తి నిమిషం లెక్కపెట్టే తీరిక లేక 18 అనో 20 అనో వేసేస్తారు. పాత టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులోనూ ఈ అలవాటు ఉంది, అప్పట్లో ఆ అంకె అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు అలా కాదు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన, రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోరునే చూడండి. శ్వాస రేటు, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత, వీటితో పాటు ఆక్సిజన్ పెట్టారా లేదా అన్నది కలిపి స్కోరు వస్తుంది. మొత్తం 7 దాటినా, 7 అయినా అత్యవసరం. అందులో శ్వాస 12 నుంచి 20 మధ్య ఉంటే సున్నా, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే 3. అంటే 26 ఉన్న రోగికి అలవాటుగా 20 వేస్తే మూడు పాయింట్లు మాయమైపోతాయి. మోగాల్సిన హెచ్చరిక మోగదు. కంప్యూటర్ తప్పు చేయలేదు, దానికి అబద్ధం చెప్పాం.

తరువాతది వేళ. మందు ఇచ్చింది ఉదయం 8కి, నమోదు చేసింది 11కి. సిస్టమ్ తనంతట తాను 11 అని వేసుకుంటుంది. తరువాతి డోసు లెక్క తప్పుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇచ్చిన వేళ, నమోదు చేసిన వేళ వేరువేరుగా ఇచ్చే వీలుంటుంది. దాన్ని వాడండి. ఆలస్యంగా నమోదు చేయడం నేరం కాదు, ఆలస్యమని చెప్పకపోవడమే తప్పు. ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్సు కేసుల్లో నర్సింగ్ నోట్సు వేళలు, ఆపరేషన్ నోట్సు వేళలు పొసగకపోతే క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు వస్తాయి, నష్టం రోగి దాకా వెళ్తుంది.

అలర్జీ గడి ఇంకొకటి. "అలర్జీ లేదు" అన్నదీ "తెలియదు" అన్నదీ ఒకటి కాదు. స్పృహ లేకుండా వచ్చిన రోగికి, వెంట ఎవరూ లేనప్పుడు, "లేదు" అని నొక్కితే తరువాత పెన్సిలిన్ రాసే డాక్టరు ఆ మాటనే నమ్ముతారు.

నిన్నటి నోట్సు కాపీ చేసి ఇవాళ్టికి అతికించడం. క్యాథెటర్ తీసేసి రెండు రోజులైనా రికార్డులో అది ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది. ముందే "నార్మల్" అని నింపి ఉన్న గడులూ అలాంటివే, చూడనిదాన్ని చూసినట్టు చూపిస్తాయి.

ఇక పేరు. మన దగ్గర ఒకే వార్డులో ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం వింత కాదు. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు, ఒకరు పొడి అక్షరంతో సరిపెడతారు, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కో కౌంటరులో ఒక్కోలా పడుతుంది. దాంతో ఒకే మనిషికి రెండు ఫైళ్ళు, ఇద్దరు మనుషులకు ఒకే ఫైలు తయారవుతాయి. మంచం నంబరుతో రోగిని గుర్తించవద్దు, మంచాలు మారుతుంటాయి. పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబరు), రెండూ సరిచూసిన తరువాతే ఫైలు తెరవండి. ఒకేసారి ఇద్దరి ఫైళ్ళు తెరిచి ఉంచవద్దు.

మందులకు బార్‌కోడ్ స్కానింగ్ పెట్టారు. ప్రతిసారీ స్కాన్ చేయాలంటే ఆలస్యమవుతోంది. నిజంగా ఉపయోగముందా?

ఉంది. ఈ పద్ధతికి మూలమైన ఆలోచన ఇచ్చింది కూడా ఒక నర్సే. 1992లో అమెరికాలోని టొపీకా నగరంలో, మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే స్యూ కిన్నిక్ అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు, అక్కడి ఉద్యోగి చేతి స్కానర్‌తో కారును నమోదు చేసుకోవడం చూశారు. కారుకు చేయగలిగింది రోగి మందుకు ఎందుకు చేయలేమని ఆమె అడిగిన ప్రశ్నతో అక్కడ పని మొదలైంది. తరువాత దేశవ్యాప్తంగా ఆ ఆసుపత్రులన్నిటికీ పాకింది.

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. వేళ తేడాలను పక్కనపెడితే, మందు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయి. ఆర్డరును తిరగరాసేటప్పుడు దొర్లే తప్పులు పూర్తిగా పోయాయి.

అయితే స్కానర్ కొన్నంత మాత్రాన ఇది జరగదు. రాస్ కొప్పెల్ బృందం 2008లో ఆసుపత్రుల్లో చూసినప్పుడు నర్సులు స్కానింగ్‌ను దాటేసే 15 రకాల అడ్డదారులు, వాటి వెనక 31 రకాల కారణాలు బయటపడ్డాయి. నలిగిన బార్‌కోడ్, తడిసిన చేతి బ్యాండ్, చార్జింగ్ అయిపోయిన స్కానర్, సిగ్నల్ అందని మూల గది. రోగుల బ్యాండ్లు అదనంగా ప్రింట్ తీసి ట్రాలీకి అంటించుకుని అక్కడే స్కాన్ చేస్తున్న సిస్టర్ మీద కేకలేసే ముందు, ఆమె ఎందుకలా చేయాల్సి వస్తోందో ఇన్‌చార్జ్ చూడాలి. ప్రతి అడ్డదారి వెనక ఒక సమస్య ఉంటుంది. దాన్ని తీరిస్తే చాలావరకు అడ్డదారీ ఆగిపోతుంది.

మానిటర్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ హెచ్చరిక ఇవ్వలేదంటే రోగి బాగున్నట్టేనా?

కాదు. సెప్సిస్‌ను, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ప్రాణం మీదికి వచ్చే స్థితిని, ముందే పసిగట్టడానికి అమెరికాలో వందల ఆసుపత్రులు వాడిన ఎపిక్ కంపెనీ మోడల్‌ను మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. సెప్సిస్ వచ్చిన రోగుల్లో 67 శాతం మందిని అది పట్టుకోలేకపోయింది. పల్స్ ఆక్సీమీటరు సంగతీ తెలుసుకోవాలి. 2020లో వచ్చిన మరో అధ్యయనంలో, వేలికి పెట్టిన మీటరు 92 నుంచి 96 చూపిస్తున్నా రక్త పరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవారిలో 3.6 శాతమైతే నల్లవారిలో 11.7 శాతం. ముదురు చర్మపు రంగున్న రోగులు నిండిన మన వార్డుల్లో ఇది గుర్తుంచుకోవాల్సిన మాట.

మీటరు 95 చూపిస్తోంది, కానీ మనిషి ఎగశ్వాస తీస్తున్నాడు, పెదవులు పాలిపోయాయి, చెమటలు పడుతున్నాయి. అప్పుడు మనిషినే నమ్మండి, డాక్టరును పిలవండి, పిలిచిన వేళ నమోదు చేయండి.

పని ఒత్తిడిలో ఒకరి లాగిన్‌తో ఇంకొకరు ఎక్కిస్తే తప్పా?

తప్పే. ఆ ఐడీ మీద పడిన ప్రతి అక్షరమూ మీ సంతకం కింద లెక్క. రేపు విచారణ వస్తే, ఆ వేళకు మీరు భోజనానికి వెళ్ళానని చెప్పినా రికార్డు మీ పేరే చెబుతుంది. వార్డంతటికీ ఒకే ఐడీ ఇచ్చే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. అక్కడ ఇన్‌చార్జ్ ఈ విషయాన్ని కాగితం మీద పెట్టి విడి ఐడీలు అడగాలి. ఉద్యోగం మానేసినవాళ్ళ ఐడీలు అదే రోజు మూయించడం కూడా ఇన్‌చార్జ్ బాధ్యతే.

డాక్టరుగారు కేస్ షీట్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

ఇది ఎక్కువమందిని ఇబ్బంది పెడుతున్న ప్రశ్న. అర్ధరాత్రి ఈసీజీ ఫోటో పంపి కార్డియాలజిస్టు సలహా తీసుకోవడం వల్ల ప్రాణాలు నిలిచిన సందర్భాలు ఉంటాయి, దాన్ని కాదనలేం. కానీ రోగి పేరు, ముఖం, హెచ్ఐవీ ఫలితం, గర్భస్రావం వివరం ఉన్న ఫోటో యాభై మంది గ్రూపులో పడితే ఇక దాన్ని వెనక్కి తీసుకోలేం. ఊళ్ళో ఒకరికి తెలిస్తే ఆ కుటుంబం ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు చేయడంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆసుపత్రి సొంత సందేశ వ్యవస్థ ఉంటే దాన్నే వాడండి. లేనప్పుడు, పేరు, ఐపీ నంబరు కనిపించకుండా కత్తిరించి, అవసరమైన ఒక్క డాక్టరుకే పంపండి. ఫోన్‌లో ఫోటోలు వాటంతటవే గ్యాలరీలో దిగకుండా సెట్టింగ్ మార్చుకోండి. డాక్టరుగారు చెప్పిన సలహాను కేస్ షీట్‌లో రాయండి, ఎందుకంటే గ్రూపులో ఉన్న ఆర్డరు రికార్డు కిందికి రాదు. ఇంకో మాట: రోగితో సెల్ఫీ, లేబర్ రూమ్‌లో రీల్ ఏ కారణంతోనూ వద్దు.

చాట్‌బాట్‌ను అడిగి రోగులకు సలహాలు తయారుచేయవచ్చా?

చిత్తుప్రతికి వాడుకోవచ్చు, చదివి సరిదిద్దే బాధ్యత మీదైతే. రోగి పేరు, ఫోన్ నంబరు, రిపోర్టు అందులో పెట్టకండి. డోసు లెక్కలకు దాన్ని నమ్మకండి.

ఆహార సలహాల్లో దీని లోటు బాగా తెలుస్తుంది. కిడ్నీ రోగికి పొటాషియం తగ్గించమని అది పెద్ద జాబితానే ఇస్తుంది, కానీ మన ఇళ్ళల్లో జబ్బు మనిషిని చూడటానికి వచ్చే ప్రతివాళ్ళూ కొబ్బరిబోండాం తెస్తారని దానికి తట్టదు. కొబ్బరినీళ్ళల్లో పొటాషియం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫారిన్ వాడేవాళ్ళకు ఆకుకూరలు రోజూ ఒకే మోతాదులో తినమని చెప్పేటప్పుడు తోటకూర, గోంగూర, మునగాకు అని పేర్లు పెట్టి చెబితేనే ఇంటికెళ్ళాక గుర్తుంటుంది. తెలుగులో రాసిన సలహాను ఒకసారి రోగి చేతనే తిరిగి చెప్పించండి.

వార్డ్ ఇన్‌చార్జ్‌కు, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఎక్సెల్ ఎంతవరకు రావాలి?

నెలాఖరు లెక్కలు క్వాలిటీ విభాగం చేసి పంపేదాకా ఎదురుచూడకుండా, మీ వార్డు సంగతి మీరే చెప్పగలిగినంత. ఫిల్టర్, కూడిక, లెక్కింపు సూత్రాలు, గీత గ్రాఫ్, వీలైతే పెద్ద జాబితాను గుంపులుగా లెక్కకట్టి చూపే పివట్ టేబుల్. వారం పది రోజులు కూర్చుంటే వస్తాయి. అసలు కష్టం సూత్రాల్లో కాదు, భాగహారంలో కింద ఏ అంకె వేయాలన్న దగ్గర ఉంటుంది.

క్యాథెటర్ వల్ల వచ్చే మూత్రనాళ ఇన్ఫెక్షన్‌ను తీసుకుందాం. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు లెక్కించేదే. ఇన్ఫెక్షన్ల సంఖ్యను క్యాథెటర్ రోజులతో భాగించి వెయ్యితో గుణిస్తాం. క్యాథెటర్ రోజులు అంటే రోజూ ఒకే వేళకు వార్డులో ఎంతమందికి క్యాథెటర్ ఉందో లెక్కపెట్టి, నెలంతా కూడిన మొత్తం. ఒక ఐసీయూలో ఏప్రిల్‌లో 2 ఇన్ఫెక్షన్లు, 400 క్యాథెటర్ రోజులు అనుకోండి. రేటు వెయ్యికి 5. మేలో 3 ఇన్ఫెక్షన్లు, 900 క్యాథెటర్ రోజులు. రేటు 3.3. సంఖ్య పెరిగింది, రేటు తగ్గింది. సమావేశంలో "రెండు నుంచి మూడు అయ్యాయి, సిస్టర్లు జాగ్రత్తగా లేరు" అని ఎవరైనా అంటే, ఈ లెక్క తెలిసిన ఇన్‌చార్జ్ తన సిస్టర్ల తరఫున నిలబడి మాట్లాడగలదు. అదే లెక్క ఆమెను ఇంకో ప్రశ్న కూడా అడిగిస్తుంది: క్యాథెటర్ రోజులు 400 నుంచి 900 ఎందుకయ్యాయి? అవసరం తీరినా తీయకుండా వదిలేస్తున్నామా?

రోగులు కింద పడిపోవడాలు, మంచం పుండ్లు, మందు పొరపాట్లు, వెంటిలేటర్ న్యుమోనియా, అన్నిటిలోనూ ఇదే పద్ధతి. ఒక్క నెల అంకెను చూసి సంబరపడటం గానీ సంజాయిషీ అడగడం గానీ వద్దు. పన్నెండు నెలలు గీత గీయండి, మధ్యరేఖ వేయండి. వరసగా ఆరు నెలలు ఒకే వైపున పడితే అప్పుడు నిజంగా ఏదో మారిందని అనుకోవచ్చు.

మందు పొరపాట్లు సున్నా అని ఏడాది పొడవునా చూపించే వార్డును చూసి నేను సంతోషించను. అక్కడ చెప్పడానికి భయపడుతున్నారు. నివేదించిన పొరపాట్లు మొదట్లో పెరగడం మంచి ఇన్‌చార్జ్ వచ్చారనడానికి గుర్తు కావచ్చు.

చిన్న చిట్కా: ఎక్సెల్‌లో తేదీలు జాగ్రత్త. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 04/05 అన్నది మే 4 కాకుండా ఏప్రిల్ 5 అయిపోతుంది, నెల లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఆసుపత్రి కొత్త సాఫ్ట్‌వేర్ కొంటోంది. నర్సింగ్ వాళ్ళను ఎవరూ అడగలేదు. అడగాలా?

పిలవకపోయినా వెళ్ళి అడగాలి. అందరికంటే ఎక్కువసేపు ఆ తెర ముందు ఉండేది మీరే. బిల్లింగ్‌కు బాగుందని కొన్న సాఫ్ట్‌వేర్ వార్డులో నరకం కావచ్చు.

కంపెనీవాళ్ళు డెమోకు వచ్చినప్పుడు వాళ్ళ చేత చేయించకండి, మీ స్టాఫ్ నర్సు చేత చేయించండి. పదిమంది రోగులకు ఉదయం మందులు నమోదు చేయడానికి ఎన్నిసార్లు నొక్కాలి, ఎంతసేపు పడుతుంది? గత 24 గంటల బీపీ, నాడి, ఇంటేక్ అవుట్‌పుట్ ఒకే తెర మీద కనిపిస్తాయా? హ్యాండోవర్‌కు సారాంశం వస్తుందా? డిశ్చార్జి సలహాలు తెలుగులో ప్రింట్ అవుతాయా? వార్డు చివరి మంచం దగ్గర వైఫై అందుతుందా? తప్పు సరిదిద్దితే పాత నమోదు జాడ మిగులుతుందా? రేపు కంపెనీ మారితే మన రికార్డులు మనకు తిరిగి ఇస్తారా? ఆభాతో కలుస్తుందా, ప్రామాణిక కోడ్లు వాడుతుందా? జబ్బులకు, పరీక్షలకు వాడే స్నోమెడ్ సీటీ కోడ్లను 2014 నుంచి భారత్‌లో ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి ఖర్చు వంక చెప్పడానికి లేదు.

మొదలుపెట్టే రోజును ఎంచుకోవడంలోనూ మీ మాట ఉండాలి. వానాకాలంలో డెంగీ, విషజ్వరాలతో వార్డులు నిండిపోయే నెలల్లో వద్దని చెప్పండి. ప్రతి షిఫ్టులో బాగా నేర్చుకున్న ఒక నర్సును ఉంచి, మొదటి రెండు వారాలు ఆమెకు రోగులను తగ్గించండి. నైట్ డ్యూటీవాళ్ళకు వేరే శిక్షణ పెట్టండి. రాత్రంతా మేలుకున్న మనిషిని పొద్దున్న తొమ్మిదింటి క్లాసులో కూర్చోబెట్టడం అన్యాయం, ఏమీ ఎక్కదు కూడా.

సిస్టమ్ పడిపోతే?

పడిపోతుందనే అనుకుని సిద్ధంగా ఉండాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగింది. ఈ-హాస్పిటల్ సర్వర్లు ఆగిపోయి, రిజిస్ట్రేషన్లు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్ దాదాపు రెండు వారాలు చేత్తోనే నడిచాయి. దేశంలో అంత పేరున్న సంస్థకే అలా అయితే జిల్లా ఆసుపత్రి మాట చెప్పేదేముంది.

ప్రతి వార్డులో ఒక పెట్టె ఉంచండి. అందులో ఖాళీ మందుల చార్టులు, టీపీఆర్ చార్టులు, ల్యాబ్ ఫారాలు, ఫోన్ నంబర్ల జాబితా. ప్రతి షిఫ్టు మొదట్లో మందుల జాబితా ఒక ప్రింటు తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. కాగితానికి మారమని ఎవరు చెబుతారు, సిస్టమ్ వచ్చాక ఏవి తిరిగి ఎక్కించాలి, ఎవరు ఎక్కించాలి అన్నది ముందే రాసి ఉండాలి. కొత్త తరం నర్సులు కాగితం చార్టు చూడకుండానే ఉద్యోగంలోకి వస్తున్నారు, కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా సాధన చేయించాలి. ఇక్కడ మన సీనియర్ సిస్టర్లే గురువులు.

కంప్యూటర్ వచ్చాక రోగి దగ్గర ఉండే సమయం తగ్గింది. దీనికి జవాబేమిటి?

ఈ ఫిర్యాదు న్యాయమైనది. చాలా చోట్ల అసలు కారణం రెండుసార్లు రాయడం. సాఫ్ట్‌వేర్ వచ్చింది, రిజిస్టర్లు మాత్రం పోలేదు, "ఎందుకైనా మంచిది" అని రెండూ నడుస్తున్నాయి. నర్సింగ్ సూపరింటెండెంట్ చేయగల గొప్ప మేలు ఏమిటంటే, వార్డులో ఉన్న రిజిస్టర్లన్నీ ఒక బల్ల మీద పెట్టించి, తెర మీద ఇప్పటికే ఉన్న వివరం రాసే ప్రతి రిజిస్టరునూ యాజమాన్యంతో మాట్లాడి మూయించడం.

మంచం దగ్గరికి తీసుకెళ్ళగల చక్రాల కంప్యూటర్ గానీ ట్యాబ్ గానీ ఉంటే నర్సింగ్ స్టేషన్‌కు నడక తగ్గుతుంది. ఎక్కించేటప్పుడు రోగికి వీపు చూపకండి. "పెద్దమ్మా, నీ బీపీ ఎక్కిస్తున్నాను, నిన్నటికంటే తగ్గింది" అని ఒక్క మాట చెబితే ఆ సమయం కూడా రోగితో గడిపినదే అవుతుంది.

నర్సింగ్ చదువులో ఇది ఉందా? ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఎక్కడ నేర్చుకోవాలి?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో హెల్త్, నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ ఒక విడి సబ్జెక్టుగా రెండో సెమిస్టర్‌లో చేరింది. థియరీ 40 గంటలు, ప్రాక్టికల్ 40 గంటలు. కాలేజీలు ఆ ప్రాక్టికల్ గంటలను వర్డ్, పవర్‌పాయింట్ నేర్పడంతో సరిపెట్టకుండా, నకిలీ రోగుల వివరాలతో నిజమైన నర్సింగ్ తెర మీద సాధన చేయిస్తేనే ఫలితం.

ప్రభుత్వ ఉద్యోగులకు ఐగాట్ కర్మయోగి, ఆరోగ్య సిబ్బందికి కేంద్ర ఆరోగ్య శాఖ సాక్షమ్ వేదిక ఉన్నాయి. వాటికంటే త్వరగా నేర్పేది మీ వార్డులోనే వారానికి అరగంట, ఒకే ఒక్క పని మీద కూర్చోవడం.

విదేశాలకు వెళ్ళాలనుకుంటున్నాను. ఏవి ముందుగా రావాలి?

అమెరికా లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పూర్తిగా కంప్యూటర్ మీదే, మీ జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారుతుంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో ఒక రోగి చార్టు మొత్తం తెర మీద ఇచ్చి, అందులో ముఖ్యమైనవి ఏరమంటారు, చర్యలు ఎంచమంటారు. చార్టు చదివే అలవాటు లేనివాళ్ళు అక్కడ తడబడతారు. బ్రిటన్‌కు కంప్యూటర్ పరీక్షతో పాటు చేతి నైపుణ్యాల పరీక్ష ఉంటుంది, అందులోనూ నమోదుకు మార్కులున్నాయి.

మోసాల నుంచి కాపాడుకోవడం కూడా డిజిటల్ అక్షరాస్యతే. గల్ఫ్ ఉద్యోగమని వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపి డబ్బు అడిగితే, ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడండి. ప్రభుత్వ సంస్థలుగా తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉన్నాయి, వాటి దగ్గర విచారించండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, నర్సింగ్ కౌన్సిల్ నుంచి అన్నా సరే.

మా స్టాఫ్ నిజంగా నేర్చుకున్నారో లేదో ఇన్‌చార్జ్‌కు ఎలా తెలుస్తుంది?

"మీకు కంప్యూటర్ ఎంత వచ్చు, ఐదుకు ఎన్ని మార్కులు వేసుకుంటారు" అని అడిగితే ధైర్యస్తులు ఎక్కువ వేసుకుంటారు, మొహమాటస్తులు తక్కువ. పని ఇచ్చి చూడండి. ఫలానా రోగికి గత మూడు రోజుల్లో యాంటీబయాటిక్ ఏ డోసు తప్పిందో చూపించమనండి. తప్పుగా పడిన ఒక బీపీని సరిదిద్దమనండి. కొత్తగా చేరిన రోగికి అలర్జీ వివరం తెలియనప్పుడు ఎలా నమోదు చేస్తారో చేయించండి. ఇన్‌చార్జ్‌లకైతే, నిరుడు జరిగిన పడిపోవడాల జాబితా ఇచ్చి ఏ షిఫ్టులో ఎక్కువో, ఎందుకో చెప్పమనండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ నేర్పండి. ఆ ఫలితాలను ఇంక్రిమెంటుకు ముడిపెట్టకండి, పెడితే తరువాతిసారి రానిది రాదని ఎవరూ చెప్పరు.

ఎన్ఆర్‌టీఎస్, హెచ్‌పీఆర్ రెండింటిలోనూ నమోదు చేసుకోవాలా? తేడా ఏమిటి?

ఎన్ఆర్‌టీఎస్ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌ది. రాష్ట్ర కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ ఆధారంగా, ఆధార్‌తో సరిచూసి, దేశమంతటికీ చెల్లే ఒకే నంబరు ఇస్తారు. హెచ్‌పీఆర్ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఉన్న వైద్య సిబ్బంది జాబితా. డిజిటల్ రికార్డుల వ్యవస్థలో మిమ్మల్ని నర్సుగా గుర్తించడానికి అది పనికొస్తుంది. రెండూ వేరు, ఒకటి చేస్తే రెండోది అయినట్టు కాదు. నమోదుకు ముందు పదో తరగతి మెమో, ఆధార్, కౌన్సిల్ సర్టిఫికెట్, మూడింటిలోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో చూసుకోండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవాళ్ళకు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ముందు ఆధార్‌లో సరిచేయించుకుని తరువాత దరఖాస్తు పెట్టండి.